మూల లేని ఇల్లు

"మూలన పడేయకురా" అందామంటే
మా ఇంటికి మూలే లేదు.
గుండ్రటి గుడారం. గెర్ అంటాం.
నడుమ పొయ్యి, దక్షిణానికి తలుపు,
పడమట జీనూ కళ్లెం, తూర్పున గిన్నెలు,
ఉత్తరాన నారింజరంగు పెట్టె, దాని మీద పెద్దల ఫొటోలు.
గరిటెకి కూడా తన దిక్కు తెలుసు.
తుగుల్దుర్ బొమ్మలకే తెలీదు.

నాలుగేళ్లవాడు. వాడు నడిచిన దారంతా
మూడు చక్రాల ఎర్ర లారీ,
తోక ఊడిన డైనోసార్,
వాళ్ల తాత ఉన్ని నొక్కి చేసిన ఒంటె
(ఒక మూపురమే మిగిలింది, రెండోది కుక్క నమిలేసింది).
రాత్రి పొయ్యిలో పిడక వేద్దామని లేచి
డైనోసార్ ముళ్లవీపు మీద అడుగేసి
నేను తిట్టిన తిట్టుకి
మా అత్త దుప్పట్లోంచే కిసుక్కుమంది.

సర్నై ఉన్నప్పుడు ఇలా లేదు.
ఏడేళ్ల పిల్లకి ఆ ఒడుపు ఎవరు నేర్పారో!
పొద్దుగూకుతుంటే కేకేసేది:
"మంద ఇంటికొచ్చే వేళయింది!"
నలభై షాగైలు, గొర్రె చీలమండ ఎముకలు,
పడ్డ వైపును బట్టి గుర్రం, ఒంటె, గొర్రె, మేక.
అన్నిటినీ నీలం గుడ్డసంచిలోకి తోలేది.
తమ్ముడు కాపలా కుక్క.
మొరిగీ మొరిగీ గొంతు పోయేది వాడికి.
లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి.
సర్దుతున్నాం అన్న మాట
ఒక్కనాడూ వాడి చెవిన పడనివ్వలేదు.

సెప్టెంబరు ఒకటిన దాన్ని బడి హాస్టల్లో దించి వచ్చాం.
ఆనాటి నుంచీ మంద చెల్లాచెదురు.

ఇవాళ చలికాలపు చోటుకి కదలాలి.
లారీ వచ్చింది. ఇల్లు విప్పాం:
కప్పు కర్రలు, ఉన్ని గోడలు, జాలీలు,
ఆఖరికి కింద పరిచినవి.
పట్నంలో బొమ్మ పోతే మంచం కింద వెతుకుతారట.
మేం ఇంటినే ఎత్తేశాం.
కింద పాలిపోయిన గడ్డి, గుండ్రంగా.
దాని మీద, వేసవంతా దాక్కున్నవన్నీ
వెలుగుకి కళ్లు చికిలించుకుంటూ:
డైనోసార్ తోక,
మా ఆయన చొక్కా గుండీ,
లారీ నాలుగో చక్రం,
సగం కొరికిన పెరుగుబిళ్ల, రాయిలా.
ఒక్కోదానికీ వాడి ఒక్కో అరుపు.

నేను సంచి విప్పి లెక్కపెట్టాను.
ముప్పైతొమ్మిది.
మళ్లీ పెట్టాను. ముప్పైతొమ్మిదే.
వాడా గడ్డి చుట్టంతా మోకాళ్ల మీద పాకాడు.
డ్రైవరు గొంబో హారన్ కొట్టాడు.
తర్వాత వాడి మొహం చూసి
దిగొచ్చి, బొజ్జ మడిచి, తనూ వంగాడు.

అప్పుడు తట్టింది.
ఆ పొద్దున జడ వేస్తుంటే
సర్నై బడిసంచి నా మోకాలికి తగిలి
పుస్తకాలు చేయని చప్పుడు చేసింది.
టక్కుమని.
నేను అడగలేదు.

"పోలేదురా. అక్క దగ్గరుంది."
"గుర్రమా? మేకా?"
"ఎలా పడితే అలా."
కాసేపు ముక్కు తుడుచుకున్నాడు.
"గుర్రమే. గుర్రమైతే దారి మర్చిపోదు."

వాడు బయట గులకరాళ్లతో కట్టుకున్న ఇల్లు మాత్రం
లారీ ఎక్కలేదు.
తెల్లరాయి అమ్మ, చప్పిడిరాయి నాన్న, ఎర్రవి దూడలు.
ఒక్కోటీ తీసి, నేలలో దాని గుంట వెతికి,
అందులో పడుకోబెట్టి వచ్చాడు.
ఎవరూ చెప్పలేదు.

లారీ కదిలింది. నీలం సంచి వాడి ఒళ్లో.
మూతి ముడి వేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.
"కొట్టం తలుపు వేసేస్తే
అదెలా వస్తుంది?"

సరే.
ఈ గతుకుల్లో ఎన్ని దొర్లిపోతాయో.
దిగాక లెక్కపెట్టుకుంటాం.
నేను తోలతాను,
వాడు మొరుగుతాడు.